ఈ రూలుకి ముందు ఎవడేం చేశాడు

ఝపటాపూర్, ఖరగ్‌పూర్
2 మార్చి 2025

లాయరమ్మ రాధారాణి గారి సమక్షమునకు,

ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన తమ అన్న అప్పలకొండ విన్నవించుకొనునది ఏమనగా... నాకొచ్చిన కోర్టు భాష ఇంతే చెల్లీ. ఇక మామూలుగా రాస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటున్నావు. అమ్మ ఆజ్ఞ. "రాధకి రాయిరా" అంది. ఫోన్ చేస్తానంటే, "ఫోన్లో నువ్వు సగం అబద్దాలే ఆడతావు. కాయితమ్మీదైతే కూసింత సిగ్గుంటాది" అంది. కన్నతల్లి, ఎలా కాదంటాం.

సంగతి ఇది. అమ్మ మోకాలు పూర్తిగా మొరాయించింది. వచ్చే నెల మన వీధి మాతా పూజ. మొదటి ఘటం నీకు ఊహ తెలిసినప్పట్నుంచీ అమ్మ నెత్తి మీదే ఉంది. ఈసారి ఇంటి గుమ్మం దాటి నడవలేదు. నేనున్నాను కదా, ఊరుకుంటానా? పాత సైకిలు చక్రాలు, మీ వదిన శ్యామల కూర్చుని కూరలు తరిగే కుర్చీ కలిపి వెల్డింగ్ చేయించాను. కుర్చీలో అమ్మ, అమ్మ నెత్తిన ఘటం, వెనక తోసుకుంటూ నేను. ఎలా ఉంది?

బాగానే ఉంది గానీ మోహనకృష్ణ గారు చూశారు. రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మన పక్కింటాయనే. ఇప్పుడు పూజ కమిటీకి కార్యదర్శి. చూడగానే లోపలికెళ్లి నియమావళి పట్టుకొచ్చాడు. "ఏడో నియమం. ఘటమును ఏ వాహనము మీదను ఊరేగించరాదు. అప్పలకొండా, రూల్ ఈజ్ రూల్." అమ్మ ఎత్తలేకపోతే ఎనిమిదో నియమం ప్రకారం ఇంటి కోడలు ఎత్తాలట. మీ వదిన మెడనొప్పికి డాక్టరు పట్టీ వేశాడు. దాని నెత్తి మీద ఘటం కాదు, తువ్వాలు కూడా నిలవదు. ఎత్తేవాళ్లు ఎవరూ లేకపోతే మొదటి ఘటం పక్కింటికి పోతుందట. పక్కిల్లు ఎవరిదో ఇప్పుడే చెప్పాను. ఆయన భార్య నెత్తిన బిందె పెట్టుకుని వరండాలో నడక నేర్చుకుంటోంది. నేను గోడ మీంచి చప్పట్లు కొట్టాను.

నవ్వులాటకి రాస్తున్నాను గానీ, ఆ మాట చెవిన పడ్డాక అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. కాబట్టి ఈ రూలులో ఒక కన్నం చూపించు. కన్నం లేని రూలు లేదు. మా వర్క్‌షాపులో 'మెషీను దగ్గర నిలబడి టీ తాగరాదు' అని బోర్డు పెట్టారు. మర్నాడు అందరం గొంతుక్కూర్చుని తాగాం. అదీ నా ప్రాక్టీసు. నీది చూపించు.

బావగారికి నమస్కారాలు. ఫీజు అడగకు. నిన్ను సైకిలు మీద బడికి దింపిన కిరాయితో చెల్లు.

ఇట్లు,
నీ కక్షిదారు, అన్న, అప్పలకొండ


విశాఖపట్నం
10 మార్చి 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం కోర్టు వరండాలో నిలబడి చదివి నవ్వాను. పక్కనున్న నా కక్షిదారు తన కేసు గురించే నవ్వుతున్నాననుకుని బిక్కచచ్చిపోయాడు.

ముందు నీ ప్రాక్టీసు సంగతి. టీ బోర్డు మీద నువ్వు గెలవలేదు. ఆ బోర్డు నిలబడేవాళ్ల మీద కోపంతో పెట్టింది కాదు, మెషీన్లో టీ ఒలుకుతుందని పెట్టింది. గొంతుక్కూర్చున్నా చేతిలో ఉన్నది టీయే. కన్నం వెతికేవాడు రూలు చదివినట్టు కాదు. నువ్వు దూరిన కన్నంలోంచే రేపు మోహనకృష్ణ గారూ దూరతారు.

రూలు ఎలా చదవాలో చెబుతాను, విను. ముందు అందులో ఉన్న మాట ఉన్నట్టు చదవాలి. తర్వాత దాని ముందూ వెనకా ఏముందో చూడాలి. ఒక్క వాక్యం కోసి తెచ్చి అర్థం చెప్పమంటే, యార్డులో ఒంటరి పెట్టెని చూపించి ఇది హౌరా పోతుందా వాల్తేరు పోతుందా అని అడిగినట్టు. రైలంతా చూడాలి. అప్పటికీ తేలకపోతే ఒకటే ప్రశ్న. ఈ రూలుకి ముందు ఎవడేం చేశాడు? పనిలేక ఎవరూ రూలు రాయరు. ఎవడో ఏదో చేస్తాడు, అది మళ్లీ జరగకూడదని రాస్తారు. ఆ ఎవణ్ణి పట్టుకుంటే రూలు ఎంతవరకు సాగాలో తెలుస్తుంది. ఈ ప్రశ్న నీకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది? మీ వర్క్‌షాపులో సగం బోర్డులు నీ పుణ్యమే.

కాబట్టి నియమావళి మొత్తం పంపు. దాన్ని రాసినవాళ్లలో ఎర్రయ్య తాత ఇంకా ఉన్నాడు కదా. ఏడో నియమం ఎందుకు రాశారో ఆయన్నడుగు.

ఎనిమిదో నియమం గురించి మాత్రం ఇప్పుడే చెప్పగలను. కోడలు అని పేరు పెట్టి రాశారంటే మిగతావాళ్లని కావాలనే వదిలేశారన్నమాట. ఒకరిని చెప్పారంటే ఇంకొకరు కాదనే. అక్కడ మనకి దారి లేదు. అమ్మ కుర్చీ మీదే మన కేసు నిలబడాలి.

రాధ చూసుకుంటుందని అమ్మకి చెప్పు. అన్నం తినమను. వదిన మెడకి వేడి కాపడం పెట్టు. నువ్వే పెట్టు, పెట్టమని చెప్పడం కాదు.

నీ చెల్లెలు,
రాధ


ఝపటాపూర్
17 మార్చి 2025

రాధమ్మా,

కాపడం పెట్టాను. నీళ్లు కాస్త ఎక్కువ కాగాయి. మీ వదిన ఇప్పుడు మెడనొప్పి మర్చిపోయి నన్ను తిట్టడంలో పడింది. వైద్యం ఫలించినట్టే.

నియమావళి ఇందులో పెట్టాను. మోహనకృష్ణ గారు ఎవరికీ చూపించడు. "ఇంత గొప్ప గ్రంథం బీరువాలో ఉండటమేమిటండీ, అద్దం కట్టించి గుళ్లో పెడదాం" అన్నాను. ఆయనే నా చేతికిచ్చి, జాగ్రత్త అన్నాడు. కాలేజీ పక్కనున్న ప్రేమ్ బజార్‌లో జిరాక్సు తీయించాను. అక్కడ చదువుకునే మన తెలుగు పిల్లలు నియమాలు చదివి, ఇంజినీరింగ్ కన్నా కష్టంగా ఉన్నాయన్నారు.

ఎర్రయ్య తాతని అడిగాను. ఆయన మాట ఆయన నోటితోనే రాస్తున్నాను.

"ఒక కంట్రాక్టరుండేవోడురా. ఘటాన్ని లారీ ఎక్కించినాడు. మైకెట్టినాడు, తన పేరు బేనరు కట్టినాడు. నడిసొచ్చే ఆడోళ్లందర్నీ దాటుకుని ముందుకెల్లిపోనాడు. ఆల సీరల నిండా బురద. ఊరేగింది తల్లా, ఆడా? అందుకు రాసినాం."

దొరికాడు నీ ఎవడు. అమ్మది లారీ కాదు, మైకు లేదు, బేనరు లేదు. గెలిచినట్టే కదా?

ఇంకో శుభవార్త. నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. కోడలి పేరా వదిలేశాను, మీ వదిన పక్కనే ఉంది, ఎందుకొచ్చిన గొడవ. "రాధ చూసుకుంటుంది" అనే చోటికి రాగానే అమ్మ మొహం చూడాలి నువ్వు. "అందా? రాధే అందా?" అని రెండోసారి చదివించుకుంది. తర్వాత అన్నం అడిగి పెట్టించుకుని, పెట్టెలోంచి పసుపుపచ్చ చీర తీయించి ఎండలో వేయించింది. కుర్చీకి కూడా పసుపు రంగే కొట్టించాను, చీరకి జోడుగా ఉంటుందని. అమ్మ కుర్చీ వైపు మాత్రం చూడటం లేదు. సిగ్గు కాబోలు.

నీ కేసు నెగ్గబోయే కక్షిదారు,
అప్పలకొండ


విశాఖపట్నం
24 మార్చి 2025

అన్నయ్యా,

కింది పేరా కమిటీ ముందు చదువు. నీ సొంత కవిత్వం కలపకు.

"కమిటీ పెద్దలకు నమస్కారం. ఏడో నియమంలో వాహనం అన్న మాట ఉంది. ఆ మాటకి చక్రాలున్నవన్నీ వస్తాయంటే చంటిపిల్లల తోపుడుబండి కూడా వస్తుంది. రాసిన పెద్దల ఉద్దేశం అది కాదని మనందరికీ తెలుసు. డబ్బున్నవాడు నడిచేవాళ్లని దాటుకుపోయి, తల్లి పండగని తన పండగ చేసుకున్నాడు. ఆ చెడు ఆపడానికి ఆ నియమం పుట్టింది. నడవలేని మనిషి, నడిచేవాళ్ల అడుగుతో అడుగు కలిపి వచ్చే కుర్చీలో ఆ చెడు లేదు. ఏ జబ్బుకి మందు రాశారో ఆ జబ్బుకే వాడాలి. ఈ కుర్చీని ఆపితే నియమం నిలబడుతుంది గానీ అది దేనికోసం పుట్టిందో అది పడిపోతుంది."

ఇంతే. చదివి కూర్చో. మోహనకృష్ణ గారిని వెక్కిరించకు. ఆయన నియమాన్ని కాపాడాలనుకుంటున్నాడు, అది తప్పు కాదు. ఆయన ఇంటికి ఘటం వస్తుందన్నది వేరే సంగతి.

అమ్మ చీర ఎండబెట్టిందన్నావు. ఈ ఒక్క మాటతో నాకు ఫీజు ముట్టింది.

రాధ


ఝపటాపూర్
1 ఏప్రిల్ 2025

రాధా,

తారీఖు చూసి ఇదంతా నా వేషమనుకోకు. ఇందులో రాసినవన్నీ జరిగినవే.

కమిటీలో గెలిచాం. నీ పేరా కామా కూడా వదలకుండా చదివాను. ఎర్రయ్య తాత తలూపాడు. మోహనకృష్ణ గారు చాలాసేపు ఆలోచించి, "కుర్చీ వాహనము కాదని తీర్మానము" అని స్వయంగా రాసుకున్నాడు. నేను ఆగి ఉండాల్సింది. మా చెల్లెలి తెలివి చూడండని నీ పాత ఉత్తరం కూడా జిరాక్సు తీయించి అందరికీ పంచాను.

ఇంటికొచ్చి కుర్చీని గుమ్మం ముందు పెట్టి, గెలిచాం, ఎక్కమ్మా అన్నాను.

"కుర్సీ ఎవుడడిగినాడ్రా?" అంది అమ్మ. "నా కాళ్లతో నేను నడిస్తే తల్లి ఊరేగినట్టు. నువ్వు నన్ను తోసుకెల్తే నేను ఊరేగినట్టు. ఆ లారీ ఓడికీ నాకూ ఏటి తేడా?"

అమ్మ ఈ మాట అందని నేనంటే నువ్వు నమ్మవు, మీ వదిన సాక్షి. అదే ధైర్యం చేసి, "మరేటి కావాలి అత్తమ్మా?" అని అడిగింది.

"రాధకి రాయమన్నాను కదే. నాకు కాళ్లు లేవు, నువ్వొచ్చి ఎత్తమ్మా అని రాయమన్నాను. ఈడు లా ప్రశ్నలు రాసినాడా? రాధ సూసుకుంటాదంటే వస్తాదనుకున్నాను. దానికోసమే సీర ఎండబెట్టినాను."

చెల్లీ, అమ్మ చెప్పింది రెండే మాటలు. రాధకి రాయి. నేను నిన్ను లాయరనుకుని రాశాను. ఆవిడ కూతురనుకుని రాయమంది.

అప్పటికప్పుడు పక్కింటికెళ్లి, మా రాధ ఎత్తుతుందండీ అన్నాను. మోహనకృష్ణ గారు కళ్లద్దాలు పెట్టుకుని, నేను పంచిన జిరాక్సే తీశాడు. "కోడలు అని పేరు పెట్టి రాశారంటే మిగతావాళ్లని కావాలనే వదిలేశారు. ఒకరిని చెప్పారంటే ఇంకొకరు కాదనే. నేనంటున్నది కాదు అప్పలకొండా, మీ చెల్లెలు రాసింది. అడ్వకేటు మాట."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే ఓ మాట అని వచ్చేవాణ్ణి. గోడ అవతల బిందె నడక మళ్లీ మొదలైంది. అమ్మ చీర మడత పెట్టి పెట్టెలో వేసేసింది.

నా దగ్గర కన్నాలు అయిపోయాయి. నీకు రావాలని ఉందా లేదా, ముందది రాయి.

అప్పలకొండ


విశాఖపట్నం
7 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

ఉంది. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఉంది. ఎవరూ అడగలేదు, నేను అడగలేదు.

అమ్మ మాటని మనిద్దరం ఎలా చదివామో చూడు. ముందూ వెనకా చూడకుండా, ఎందుకందో అడక్కుండా. అదే పని నేను ఎనిమిదో నియమంతోనూ చేశాను. ఏడో నియమానికి ఎవడేం చేశాడని నిన్ను ఊరంతా తిప్పాను. ఎనిమిదో దానికి మాత్రం అడగలేదు. కోడలు అన్న మాట కనబడగానే, ఎప్పుడో ఊరు దాటి వచ్చేసిన కూతుర్ని కదా, నాకు చోటు లేదని నేనే తీర్పు రాసేసుకున్నాను.

ఒకరిని చెప్పారంటే ఇంకొకరు కాదన్న సూత్రం నిజమే. కానీ అది తలుపు మూయడానికి రాసిన రూలుకి. తలుపు తీయడానికి రాసిన రూలుకి కాదు. రెండింటిలో ఇది ఏదో తెలియకుండా ఆ సూత్రం వాడకూడదు. ఈ మాట మోహనకృష్ణ గారికి నా పేరుతోనే చెప్పు. అడ్వకేటు మొదటి ఉత్తరం నియమావళి చదవకుండా రాసింది, ఈ ఉత్తరం చదివి రాస్తోంది అని చెప్పు. నాకేమీ చిన్నతనం లేదు.

ఇప్పుడు నాకు రెండు సంగతులు కావాలి. ఎనిమిదో నియమానికి ముందు ఎవరేం చేశారో ఎర్రయ్య తాతని అడుగు. ఆ నియమం రాసిన రోజుల్లో మొదటి ఘటం అమ్మ చేతికి ఎవరిచ్చారో అమ్మని అడుగు. రాసినవాళ్లు తమ కళ్ల ముందు దేన్ని ఒప్పుకున్నారో అదే ఆ రాతకి నమ్మకమైన అర్థం.

రెండూ మోహనకృష్ణ గారి ముందే అడుగు. వెనక నుంచి తెచ్చిన సాక్ష్యం ఎవరూ నమ్మరు.

టికెట్ తీసుకున్నాను. గెలిచినా ఓడినా వస్తాను. ఓడితే అమ్మ పక్కన కూర్చుంటాను. కానీ గెలుస్తాం. చీర పెట్టెలోంచి తీయించు.

రాధ


ఝపటాపూర్
12 ఏప్రిల్ 2025

రాధమ్మా,

నువ్వు రైలెక్కే లోపు ఇది నీకు అందాలి. అందకపోయినా రైలెక్కు.

ఎర్రయ్య తాతని టోటో రిక్షాలో ఎక్కించుకుని మోహనకృష్ణ గారి వరండాలో దింపాను. అమ్మని కుర్చీలో తోసుకొచ్చాను. ఘటం లేకుండా ఎక్కడానికి ఆవిడకి అభ్యంతరం లేదట. మోహనకృష్ణ గారి భార్య టీ ఇచ్చింది. ఈసారి కూర్చునే తాగాను, కుర్చీలో.

"తాతా, కోడలని ఎందుకు రాసినారు?" అని అడిగాను.

"గొడవైపోనాదిరా అప్పుడు. ఓ ఇంట్లో ముసలమ్మ మంచాన పడింది. కోడలు ఎత్తింది. కూతుళ్లొచ్చి జుట్లు పట్టుకున్నారు. ఇది బయట పిల్ల, దీనికేటి హక్కని. కోడలూ ఇంటి మనిసే, ఎత్తొచ్చని అప్పుడు రాసినాం."

మోహనకృష్ణ గారు పుస్తకంలో వేలు పెట్టి, "మరి కూతురు ఎత్తవచ్చునని ఎందుకు రాయలేదు?" అని అడిగాడు.

తాత ఆయన వంక జాలిగా చూశాడు. "అన్నం తినొచ్చని ఎవుడైనా రూలు రాస్తాడేటి మోహనకృష్ణా? కూతురెత్తుతాదని అందరికీ తెలుసు. తెలవనిదే రాసినాం."

అప్పుడు అమ్మ అందుకుంది. "నాకు ఘటమిచ్చింది మా యమ్మ. అత్త కాదు. మీ నాన్న ఇల్లరికం వచ్చినాడు, నేనా ఇంటి కూతుర్ని. ఈ ఎర్రయ్య బాబే నా నెత్తి మీద సుట్టకుదురు ఎట్టినాడు."

మోహనకృష్ణ గారు నిర్ఘాంతపోయాడు. రైల్వే క్వార్టరు నాన్న పేర ఉండేది, తలుపు మీద నాన్న పేరే ఉండేది. కాబట్టి అమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చిందని వీధి వీధంతా ఇన్నాళ్లూ అనుకుంటోంది. ఇల్లరికం సంగతి నాకు తెలుసు. నాన్నని ఏడిపించడానికి తప్ప అది ఇంకో పనికొస్తుందని ఎప్పుడూ తట్టలేదు.

నీ రెండో మాట కూడా చెప్పాను. తలుపు మూసే రూలు, తలుపు తీసే రూలు. ఆయన లేచి నిలబడ్డాడు. తిడతాడనుకుని చెప్పులు చూసుకున్నాను. "రమ్మనవయ్యా" అన్నాడు. "రాసిన మనిషి ఎదురుగా చెబుతుంటే రాసింది పట్టుకుని కూర్చోవడం రూలు కాదు." ఆయన భార్య మాత్రం, "రెండో ఘటం మాదే కదా?" అని అడిగింది. కష్టపడి నడక నేర్చుకుంది, పాపం. ఈసారి వెక్కిరింపుగా కాదు, నిజంగానే చప్పట్లు కొట్టాను.

చీర మళ్లీ ఎండలో ఉంది.

అప్పలకొండ


ఝపటాపూర్
28 ఏప్రిల్ 2025

రాధమ్మకి,

క్షేమంగా చేరావని బావగారు ఫోన్ చేశారు. నీ కాళ్లకి పసుపు ఇంకా వదల్లేదని, కోర్టుకి అలాగే వెళ్లావని చెప్పారు. జడ్జిగారు అడిగితే ఎనిమిదో నియమం చదివి వినిపించు.

పూజ రోజు ఘటమెత్తుకుని నువ్వు ముందు నడిచావు. ఇంటింటికీ ఆగి నీ కాళ్ల మీద పసుపునీళ్లు పోయించుకుంటూ, వెనక్కి ఒక్కసారి తిరక్కుండా. కాబట్టి వెనక జరిగింది నీకు తెలీదు. నేను రాయాలి.

అమ్మ తనూ వస్తానంది. ఏడో నియమం ఘటానికే గానీ మనిషికి కాదు కదా. పసుపు కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొస్తున్నాను. మలుపు దగ్గర మోహనకృష్ణ గారు కనబడ్డాడు. "ఒక్క నిమిషం పట్టుకోండి, చెప్పు తెగింది" అన్నాను. పట్టుకున్నాడు. నేను జనంలో కలిసిపోయాను. పాపం, వదిలేయలేడు, వదిలితే కుర్చీ పల్లానికి జారుతుంది. గుడిదాకా ఆయనే తోశాడు. అమ్మ దారంతా ఆయనకి కబుర్లు చెబుతూనే ఉంది. "ముందు నడుస్తున్నాది సూడు బాబూ, నా కూతురు. మా యమ్మ నడకే. నాకు రాలేదా నడక, దానికొచ్చింది." గుడి దగ్గర నేను కనబడితే మోహనకృష్ణ గారు తిట్టడానికి నోరు తెరిచాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నోరు మూసుకుని తన తువ్వాలు అమ్మకిచ్చాడు.

నిన్న కమిటీ కూడింది. రెండు కొత్త నియమాలు రాశారు. మొదటిది, ఎనిమిదో దాని కిందే, మొదటి ఘటం ఇంటి కూతురు గాని కోడలు గాని ఎత్తవచ్చును అని. ఎర్రయ్య తాత విసుక్కున్నాడు, అన్నం తినొచ్చని కూడా రాసేయండి, పనైపోతాది అని. రాస్తేనే మంచిది, తాత ఎల్లకాలం ఉండడు కదా అన్నాను. తాత నన్ను కర్రతో ఒకటి వేశాడు.

రెండోది మోహనకృష్ణ గారు స్వయంగా రాసి, పైకి చదివి, నా వైపు చూసి కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఊరేగింపులో ఎవరి చేతిలోనిది వారే గుడి వరకు తేవలెను. మధ్యలో కార్యదర్శి చేతికి అప్పగించరాదు."

అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. ఏకగ్రీవం. అద్దం కూడా నా ఖర్చుతో కట్టించి గుళ్లో పెట్టించాను.

మనం పోయాక ఏ లాయరమ్మో ఆ అద్దం ముందు నిలబడి అడుగుతుంది, ఈ రూలుకి ముందు ఎవడేం చేశాడు అని. మన ఇంటి కూతురే అయితే, నా పేరు చెప్పేయమను.

అప్పలకొండ